ముక్కు ఆపరేషన్‌కి వారం సెలవు చాలదు

మాఘంలో పెళ్లి, కార్తీకం వెళ్ళగానే ముక్కు సరిచేయించేసుకుంటే మధ్యలో రెండు నెలల పైనే ఉంటుంది కదా, ఆఫీసుకి వారం సెలవు పెడితే చాలు, కట్టు విప్పాక ఎవరికీ తెలియను కూడా తెలియదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, కొండాపూర్ వైపు కాస్మెటిక్ క్లినిక్‌ల మెట్లెక్కేవాళ్ళలో ఇలా లెక్కేసుకుని వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. క్లినిక్‌లో కౌన్సెలర్ కూడా "వారంలో కట్టు తీసేస్తాం అండీ" అనే చెబుతారు. అందులో అబద్ధం లేదు, కట్టు నిజంగానే వారానికి తీసేస్తారు. కాకపోతే ఆ రోజు అద్దంలో కనిపించేది కొత్త ముక్కు కాదు, వాచిన ముక్కు.

ఆపరేషన్ అయిన రెండో రోజుకో మూడో రోజుకో కళ్ళ కింద బాగా కమిలి, మొహం గుమ్మడికాయలా ఉబ్బుతుంది. కమిలిన నలుపు పచ్చబడి పది పన్నెండు రోజుల్లో పోతుంది, కొందరికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నెలా నెలన్నరకి వాపు బయటివాళ్ళు గుర్తుపట్టనంతగా దిగుతుంది. అసలు ఆలస్యం అక్కడి నుంచే మొదలవుతుంది. మిగిలిన కాస్త వాపు, ముఖ్యంగా ముక్కుకొన దగ్గరిది, దిగడానికి ఏడాది పడుతుంది, చర్మం మందంగా ఉన్నవాళ్ళకి ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. మొదటి నెలల్లో పొద్దున లేవగానే ఒకలా, సాయంత్రానికి ఒకలా ఉంటుంది, ఒక పక్క వాపు తొందరగా దిగి రెండో పక్కది దిగక వంకరగా వచ్చిందేమో అని భయం పుడుతుంది, కొన గట్టిగా, మొద్దుబారినట్టు ఉంటుంది, నవ్వితే పైపెదవి ఏదో పట్టేసినట్టు అనిపిస్తుంది. ఇవన్నీ మామూలే. కానీ పెళ్లి పీటల మీద కూర్చున్న మనిషికి ఇవి మామూలే అని ఎంత చెప్పినా ఎక్కదు. అందుకే, తప్పదనుకుంటే కనీసం ఆరు నెలల ముందు, కుదిరితే ఏడాది ముందు చేయించుకోవాలి. అంత టైం లేకపోతే పెళ్లయ్యాకే నయం, మేకప్ చేసేవాళ్ళు నీడలూ వెలుగులూ దిద్ది ఆ నాలుగు రోజులూ గట్టెక్కించగలరు.

ఈ ఆపరేషన్ గురించి ఆలోచించేటప్పుడు చాలామంది ఆకారం దగ్గర ఆగిపోతారు. కోటేరు వేసినట్టు ఉండాలి, లేదా ఫలానా హీరోయిన్‌కి ఉన్నట్టు కొన కాస్త పైకి లేచి ఉండాలి, లేదా మధ్యలో ఉన్న ఆ మిట్ట పోవాలి. ఆకారం బయటి గోడ మాత్రమే, లోపల నిలబెట్టేది వేరే ఉంది. ముక్కులో పైభాగం మాత్రమే ఎముక, వేలు పెట్టి నొక్కి చూస్తే అది కళ్ళ మధ్య నుంచి కొంచెం దూరం వచ్చి ఆగిపోవడం తెలుస్తుంది. అక్కడి నుంచి కిందంతా మెత్తటి ఎముకే, డాక్టర్లు కార్టిలేజ్ అంటారు. రెండు రంధ్రాల మధ్య గోడలా నిలబడి వీటన్నిటినీ మోసేదాన్ని మనవాళ్ళు ముక్కు దూలం అన్నారు. ఎవరు పెట్టారో గానీ ఇంతకంటే సరైన మాట దొరకదు, ఇంటికి దూలం ఎలాగో ముక్కుకి అది అలాగే. దూలం వంకరగా ఉంటే పైనుంచి ఎంత చెక్కినా ముక్కు వంకర పూర్తిగా పోదు. దూలం నుంచి అవసరానికి మించి తీసేస్తే కొన్నాళ్ళకి మధ్యలో కుంగి గుర్రపు జీనులా పల్లం పడుతుంది.

గద్దముక్కు సరిచేయడం వినడానికి చాలా తేలిక, మిట్టని అరగదీసేస్తే అయిపోతుంది అన్నట్టు ఉంటుంది. కానీ మిట్ట తీసేసిన చోట పైకప్పు లేచిపోయిన ఇంటిలా ఖాళీ మిగులుతుంది, పైనుంచి చూస్తే ముక్కు వెడల్పుగా, చదునుగా కనిపిస్తుంది. ఆ ఖాళీ పూడాలంటే రెండు పక్కల ఎముకలనీ లెక్క ప్రకారం కోసి లోపలికి జరపాలి. కళ్ళ కింద కమిలేది ఎక్కువగా ఈ పని వల్లే. ఈమధ్య అల్ట్రాసౌండ్ పరికరంతో ఎముక కోస్తున్నారు, మిట్టని పైనుంచి చెక్కకుండా కింద నుంచి దించే పద్ధతీ ఉంది. రెండూ మంచివే, రెండూ అందరికీ పనికిరావు. ఇక మధ్యభాగంలో ఉన్న మెత్తటి ఎముకల్ని ఆసరా లేకుండా వదిలేస్తే నెలలు గడిచేకొద్దీ లోపలికి పడిపోయి, ఎముక అయిపోయిన చోట తిరగేసిన ఇంగ్లీషు వి అక్షరంలాంటి నీడ కనిపిస్తుంది. అందం మాట అటుంచితే, గాలి లోపలికి వెళ్ళే దారిలో అన్నిటికంటే ఇరుకైన మలుపు సరిగ్గా అక్కడే ఉంది, గోడలు కాస్త లోపలికి వాలినా ముక్కు మూసుకుపోయినట్టు ఉంటుంది. అందుకే జాగ్రత్త ఉన్న సర్జన్ తీసేదాని కంటే నిలబెట్టేదాని గురించి ఎక్కువ మాట్లాడతారు, దూలం పక్కన సన్నటి పట్టీల్లా కార్టిలేజ్ ముక్కలు పెట్టి కుట్టడం గురించి చెబుతారు. పది నిమిషాల మాటల్లో ఒక్కసారి కూడా "మీకు ఊపిరి ఎలా ఆడుతుంది?" అని అడగని డాక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్ళాల్సిన పని లేదు.

ఊపిరి సంగతి ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. ఒక రంధ్రం మూసి రెండోదానితో నెమ్మదిగా పీల్చండి, తర్వాత రెండో వైపు. చెంపని వేలితో కాస్త పక్కకి లాగి పీల్చినప్పుడు ఒక్కసారిగా హాయిగా అనిపిస్తే, ఆ ఇరుకు మలుపు దగ్గర సమస్య ఉండొచ్చు, డాక్టర్లు చేసే పరీక్షల్లో ఇదీ ఒకటి. అయితే హైదరాబాద్‌లో ముక్కుదిబ్బడ అనగానే దూలం మీదికి నేరం తోసేయడం కూడా సరికాదు. మెట్రో, ఫ్లైఓవర్ల పనుల దుమ్ము, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి, ఏసీ గదుల్లో పది గంటల ఉద్యోగం, వీటితో వచ్చే అలర్జీ ఏ ఆపరేషన్‌తోనూ పోదు. పైగా రోజూ పది తుమ్ములు తుమ్మే మనిషి కొత్తగా కుట్టిన ముక్కుతో ఎలా వేగుతాడో ఊహించుకోండి, ముందు అలర్జీని అదుపులోకి తెచ్చుకోవాలి. మెడికల్ షాపులో కొనుక్కుని ముక్కులో వేసుకునే దిబ్బడ చుక్కల అలవాటు ఉంటే అది తప్పకుండా చెప్పాలి. ఆ చుక్కలు వారం మించి వాడితే మందే తిరగబడి దిబ్బడని పెంచుతుంది, నెలల తరబడి వాడేవాళ్ళ ముక్కు లోపలి పొర ఎప్పుడూ వాచే ఉంటుంది, ఆ స్థితిలో లోపల ఏముందో తేల్చడం కష్టం.

చర్మం గురించి క్లినిక్‌లలో అందరూ మాట్లాడరు, నిజానికి ఫలితాన్ని సగం తేల్చేది అదే. మల్లు పంచె కింద చెయ్యి పెడితే వేళ్ళు తెలుస్తాయి, రగ్గు కింద పెడితే తెలియవు. మన దగ్గర చాలామందికి ముక్కుకొన మీద చర్మం మందంగా, జిడ్డుగా ఉంటుంది, లోపల ఎంత నాజూగ్గా చెక్కినా అది పైకి అంతగా తేలదు. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, "ముక్కు లావుగా ఉంది, బాగా తగ్గించండి" అని అడిగితే, మందపు చర్మం ఉన్నవాళ్ళకి లోపల ఎంత ఎక్కువ తీసేస్తే బయట అంత మొద్దుగా తయారవుతుంది, చర్మం సాగిపోయి ఖాళీ అయిన చోట మచ్చకణజాలం పేరుకుని కొన పైభాగం చిలకముక్కులా ఉబ్బుతుంది. అలాంటి ముక్కుకి కావలసింది తగ్గించడం కాదు, లోపల గట్టి ఆసరా పెట్టి చర్మాన్ని బిగుతుగా నిలబెట్టడం. చర్మం మరీ పలచగా ఉన్నవాళ్ళకి దీనికి తలకిందులు, లోపల చిన్న గరుకుదనం ఉన్నా పైకి కనిపిస్తుంది. మొటిమల కోసం ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, ఎప్పుడు మొదలుపెట్టారో ఎప్పుడు ఆపారో సర్జన్‌కి చెప్పాలి. చెవి కుట్టించుకున్నప్పుడో దెబ్బ తగిలినప్పుడో మచ్చ గడ్డలా పెరిగే తత్వం ఉన్నవాళ్ళు అదీ చెప్పాలి, ముక్కుపుటాలు తగ్గించేటప్పుడు కోత బుగ్గ మొదట్లో, పైకి కనిపించే చోటే పడుతుంది.

అసలు ముక్కు పెద్దదా అన్నదే కొందరి విషయంలో తేలని ప్రశ్న. ఫోన్ చేత్తో పట్టుకుని తీసుకున్న సెల్ఫీలో కెమెరాకి అందరికంటే దగ్గరగా ఉండేది ముక్కే. అమెరికాలో 2018లో వచ్చిన ఒక పరిశోధన, అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే దాదాపు 30 శాతం వెడల్పుగా అనిపిస్తుందని లెక్క కట్టింది. అంటే రోజుకి యాభైసార్లు చూసుకుని బాధపడుతున్న ఆ ముక్కు మొహం మీద లేదు, ఫోన్‌లో ఉంది. వేరే మనిషి చేత, ఐదారడుగుల దూరం నుంచి, వెనక కెమెరాతో ఎదుటి నుంచీ రెండు పక్కల నుంచీ ఫొటోలు తీయించి చూడండి, కొందరికి ఆలోచన అక్కడే ఆగిపోతుంది. గడ్డం లోపలికి ఉన్నా పక్క నుంచి ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది, అలాంటప్పుడు మంచి సర్జన్ ముక్కు వదిలేసి గడ్డం గురించి మాట్లాడొచ్చు, దాన్ని ఇంకో ఆపరేషన్ అంటగట్టడం అనుకోనక్కర్లేదు, ఎందుకు అంటున్నారో ఫొటో మీద చూపించమని అడగండి.

ఎవరికి కావాలి ఈ ముక్కు అన్నది ఇంకో సంగతి. పెళ్లిచూపుల్లో ఎవరో అత్తయ్య "అమ్మాయి బంగారం, ముక్కొక్కటే కాస్త చప్పిడి" అన్న మాట పట్టుకుని నాన్నగారు అప్పు చేసి మరీ తీసుకొస్తే, ఆపరేషన్ బల్ల మీద పడుకునేది అత్తయ్య కాదు. అమ్మాయి తనకి తానుగా, ఎప్పటి నుంచో, ఒకే విషయం గురించి అడుగుతూ ఉంటే అది వేరు. ఎదిగే వయసు పిల్లలకి ముక్కు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఆడపిల్లలకి పదిహేను పదహారు, మగపిల్లలకి పదిహేడు దాటాక గానీ సాధారణంగా చేయరు, పద్దెనిమిది నిండేదాకా ఆగమనేవాళ్ళే ఎక్కువ. ఇంకొందరుంటారు, ఎదుటివాళ్ళకి కనపడని లోపం వాళ్ళకి గంటల తరబడి కనిపిస్తూ ఉంటుంది, అద్దం వదలరు, లేదా అద్దమే చూడరు, నలుగురిలోకి వెళ్ళడం మానేస్తారు. దీన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. మామూలు జనంతో పోలిస్తే ముక్కు ఆపరేషన్ కోసం వచ్చేవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, సర్జరీతో ఇది తగ్గదు, చాలాసార్లు బాధ కొత్త ముక్కులో ఇంకో చోటికి మారుతుంది. సర్జన్ ఒకసారి సైకియాట్రిస్ట్‌ని కలవమన్నారంటే పిచ్చి అన్నట్టు కాదు. డబ్బు వదులుకుని ఆ మాట చెప్పే డాక్టర్ దొరకడం అదృష్టం.

డాక్టర్ ఎవరన్నది నగరంలో తేల్చుకోవడం అంత తేలిక కాదు, ఎందుకంటే బోర్డుల మీద కాస్మెటాలజిస్ట్, ఏస్థెటిక్ ఫిజీషియన్, ఫెలో ఇన్ ఫలానా అని చాలా ఉంటాయి. వాటిలో చాలావరకు సర్జరీ డిగ్రీలు కావు. మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళ ఎంఎస్, ఆపైన మూడేళ్ళ ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, లేదా దానికి సమానమైన నేషనల్ బోర్డు డిగ్రీ. ముక్కు లోపలి పనిలో చెయ్యి తిరిగిన ఈఎన్‌టీ సర్జన్లు కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు, వాళ్ళలో చాలా మంచివాళ్ళున్నారు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి చూసుకోవడంలో మొహమాటం ఎందుకు, కూరగాయలు కొనేటప్పుడు వంకాయ తిరగేసి చూస్తాం కదా. డిగ్రీ తర్వాత అడగాల్సింది ఒకటే, ముక్కులు ఎన్ని చేశారు, ఏడాది నిండినవాళ్ళ ఫొటోలు ఉన్నాయా అని. ఇన్‌స్టాలో కనిపించే "ముందు", "తర్వాత" ఫొటోల్లో "తర్వాత" చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీదే లేదా రెండు మూడు నెలలకే తీసినది, దాంట్లో గడ్డం కాస్త ఎత్తి, లైటు మార్చి, పెదవులకి రంగేసి ఉంటారు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం డాక్టర్ జనాన్ని తన దగ్గరికి రమ్మని ప్రచారం చేసుకోకూడదు, పేషెంటు అనుమతి లేకుండా మనిషిని గుర్తుపట్టేలా ఫొటోలు వేయకూడదు. మరి "దసరా ఆఫర్, ముక్కు మీద ఇంత తగ్గింపు, ఇద్దరు కలిసి వస్తే ఇంకా తగ్గింపు" అని మెసేజ్ వచ్చిందంటే ఏమనుకోవాలో మీకే తెలుస్తుంది. కంప్యూటర్‌లో చూపించే కొత్త ముక్కు బొమ్మ మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, దాన్ని హామీగా ఎవరూ ఇవ్వలేరు, ఇస్తామంటే అనుమానించండి. అందం కంటే ఊపిరి సమస్యే ఎక్కువ ఉన్నవాళ్ళు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు, ఉస్మానియాలో, గాంధీలో, నిమ్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, ప్రైవేటులో చెప్పినదాన్ని ఇంకోచోట సరిచూసుకోవడం తప్పేమీ కాదు.

కత్తి లేకుండా, అరగంటలో, ఫిల్లర్‌తో ముక్కు సరిచేస్తామనే మాట ఇప్పుడు బాగా నడుస్తోంది. హైలురానిక్ యాసిడ్ జెల్‌ని ఎక్కించి మిట్టకి ముందూ వెనకా ఉన్న పల్లాన్ని నింపితే పక్క నుంచి చూసినప్పుడు ముక్కు సూటిగా కనిపిస్తుంది, నిజమే. అది నింపుతుంది గానీ తగ్గించదు, కొన్ని నెలలకి కరిగిపోతుంది కూడా. అసలు భయం అది కాదు. ముక్కు మీది రక్తనాళాలకి కంటికి రక్తం తీసుకెళ్ళే నాళాలతో సంబంధం ఉంది, జెల్ పొరపాటున నాళంలోకి వెళ్తే చర్మం నల్లబడి కుళ్ళిపోవచ్చు, అరుదుగా చూపు పోవచ్చు, పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం. ఫిల్లర్ వల్ల చూపు పోయే ప్రమాదం ఎక్కువ ఉన్న చోట్లలో ముక్కు ముందు వరసలో ఉంది. జెల్‌ని కరిగించే హైలురానిడేస్ ఇంజెక్షన్ ఆ గదిలో సిద్ధంగా ఉందా అని అడగండి, అదేమిటని ఎదురు అడిగారంటే చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి. బ్యూటీ పార్లర్‌లో ఫిల్లర్ గురించి మాట్లాడాల్సిన పనే లేదు.

ఎముక కోసే పని ఉంటే సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చే చేస్తారు. మత్తు అనగానే హైదరాబాద్‌కి పాత సంబంధం ఒకటుంది. 1888లోనూ 1889లోనూ ఇక్కడి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం డబ్బుతో, అప్పట్లో మత్తుకి వాడే క్లోరోఫాం ఎందుకు ప్రాణం తీస్తుందో తేల్చడానికి రెండు కమిషన్లు పనిచేశాయి, వందల కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే కాబట్టి ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, గుండె గురించి కంగారు లేదు అని తేల్చాయి. తర్వాత 1911లో వచ్చిన పరిశోధన, క్లోరోఫాం గుండెని కూడా నేరుగా ఆపగలదని చూపించింది. అప్పటి తెలివైనవాళ్ళే అంత ధీమాగా పొరబడ్డ విషయం ఇది. ఇప్పటి మందులు, మిషన్లు ఆ రోజుల్లోవి కావు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మత్తు ప్రమాదం చాలా తక్కువ, అయితే ఆ తక్కువ అనేది మత్తు డాక్టర్ వేరుగా ఉండి, మొదటి నుంచి చివరిదాకా తల దగ్గరే కూర్చున్నప్పుడు. ఆపరేషన్ చేసే డాక్టరే మత్తు కూడా చూసుకుంటారు అంటే ఒప్పుకోవద్దు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్‌ని కలిసి ఆస్తమా, గురక, బీపీ, మందుల అలర్జీ, ఇంతకుముందు మత్తుతో వచ్చిన ఇబ్బంది, అన్నీ చెప్పాలి. క్లినిక్‌లో చేస్తారా, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనా, ఏదైనా తేడా వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు అన్నది కూడా అప్పుడే అడగాలి.

డబ్బు దగ్గర చాలామందికి తగిలే దెబ్బ ఇన్సూరెన్స్, అదెందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1794లో లండన్ పత్రికలో ఒక వార్త వచ్చింది, ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలుతూ టిప్పు సుల్తాన్ మనుషులకి చిక్కి ముక్కు కోయించుకున్న ఒక మరాఠా మనిషికి, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన నుదుటి చర్మం తిప్పి కొత్త ముక్కు పెట్టాడని. ఐరోపా డాక్టర్లు ఈ విద్య నేర్చుకున్నది ఆ వార్త చూసే, నుదుటి నుంచి తీసే ఆ చర్మాన్ని ఇప్పటికీ ఇండియన్ ఫ్లాప్ అని కూడా అంటారు. ఈ విద్య పుట్టింది పోయిన ముక్కుని తిరిగి పెట్టడానికి, ఉన్న ముక్కుని మార్చుకోవడం తర్వాత వచ్చింది. చట్టం ఇవాళ్టికీ ఈ రెండిటినీ వేరుగానే చూస్తుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసేది కాకపోతే కాస్మెటిక్ సర్జరీని ఆరోగ్య బీమా కట్టదు, ఆరోగ్య సేవలకి ఉన్న జీఎస్టీ మినహాయింపు కూడా అందం కోసం చేసే సర్జరీకి వర్తించదు. దూలం వంకరకి చేసే ఆపరేషన్‌కి బీమా రావచ్చు, చాలా పాలసీల్లో దానికి రెండేళ్ళు ఆగాలనే నిబంధన ఉంటుంది. రెండూ కలిపి చేసినప్పుడు బిల్లు విడివిడిగా రాయించుకోవాలి. "మొత్తం దూలం కిందే రాసేస్తాం, క్లెయిమ్ వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే అది సాయం కాదు, పట్టుబడితే క్లెయిమ్‌తో పాటు పాలసీ కూడా పోయేది మీకే. కొటేషన్‌లో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, గది, మందులు, పన్ను ఏవేవి కలిసున్నాయో, మళ్ళీ చేయాల్సి వస్తే ఎవరు భరిస్తారో కాగితం మీద ఉండాలి.

ఆ కాగితాల్లో సంతకం పెట్టేది ఇంకొకటి ఉంది, అంగీకార పత్రం. ఇంగ్లీషులో నాలుగు పేజీలుంటే తెలుగులో చెప్పించుకుని, ఒక రోజు ముందే తీసుకుని చదవాలి, స్ట్రెచర్ మీద పెట్టే సంతకం సంతకమే కాదు. ఒప్పుకున్నది ఒకటైతే, ప్రాణాపాయం లేనప్పుడు దానికి మించి ఇంకోటి చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. చెవి నుంచి, పక్కటెముక నుంచి కార్టిలేజ్ తీయాల్సి రావచ్చా, సిలికాన్ పెడతారా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. సిలికాన్ తేలిక, అప్పటికప్పుడు బాగుంటుంది, కానీ ఏళ్ళ తర్వాత కూడా ఇన్ఫెక్షన్ వచ్చి చర్మం చీల్చుకుని బయటికి రావచ్చు, సొంత కార్టిలేజ్‌తో ఆ భయం చాలా తక్కువ.

సిగరెట్ తాగేవాళ్ళు కనీసం నెల ముందు, ఆ తర్వాత నెల పైనే మానేయాలి, హుక్కా, వేప్ కూడా లెక్కే, రక్తం సరిగా అందక కొన మీది చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు, చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్, పేరు చెప్పని ఆయుర్వేదం పొడులు, ఇవన్నీ రక్తం కారడాన్ని పెంచగలవు, డాక్టర్‌కి చెప్పి ఎప్పుడు ఆపాలో అడగాలి, గుండె కోసం వాడే ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. ముక్కుపుడక తీయాలి, తిరిగి ఎప్పుడు పెట్టుకోవచ్చో సర్జన్ చెబుతారు, ఈలోపు రంధ్రం పూడుకుపోవచ్చు. అమ్మమ్మలకి ఇది ఆపరేషన్ కంటే పెద్ద వార్త.

ఇంటికొచ్చాక మొదటి వారం తల కింద రెండు మూడు దిండ్లు, నోటితో ఊపిరి, ఎండిపోయిన పెదవులు. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, వంగి బరువులెత్తకూడదు. అందుకే శీతాకాలం చలిగాలులకి జలుబు పట్టే అలవాటున్నవాళ్ళు ఆ నెలలు తప్పించుకుంటే మంచిది. కళ్ళజోడు నాలుగైదు వారాలు ముక్కు మీద ఆనకూడదు, జోడు లేకుండా లాప్‌టాప్ కనపడని వాళ్ళు ముందే కాంటాక్ట్ లెన్స్ అలవాటు చేసుకోవాలి. హెల్మెట్ మొహం మీది నుంచి లాగి పెట్టుకునేది కాబట్టి బండి కొన్ని వారాలు పక్కన పెట్టాల్సిందే, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో హెల్మెట్ లేకుండా వెళ్ళడం దీనికి జవాబు కాదు. ఎండలో తిరిగితే వాపు పెరుగుతుంది, కమిలిన చోట మచ్చ నిలిచిపోతుంది. మొదటి రెండు రోజులు గాజుగుడ్డ తడిసేంత ఎర్రటి నీరు మామూలు. ఆగకుండా రక్తం కారడం, జ్వరం, రెండు రంధ్రాలూ ఒక్కసారిగా మూసుకుపోయి నొప్పి పెరుగుతూ పోవడం, తల వంచితే నీళ్ళలాంటి ద్రవం కారడం, చూపులో తేడా, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా ఫోన్ చేయాలి. దూలం పొరల మధ్య రక్తం గడ్డకట్టి అలాగే ఉండిపోతే కొద్ది రోజుల్లోనే లోపలి కార్టిలేజ్ కుళ్ళి ముక్కు కుంగిపోతుంది. వేరే ఊరి నుంచి వచ్చి చేయించుకునేవాళ్ళు, కరీంనగర్ అయినా కర్నూలు అయినా, కట్టు తీసేదాకా హైదరాబాద్‌లోనే ఉండేలా చూసుకోవడం ఇందుకే.

వందలో ఐదు నుంచి పదిహేను మందికి రెండోసారి చేయాల్సి వస్తుందని సర్జన్లే రాస్తారు, బాగా చేసే చేతుల్లో కూడా. రెండోసారి మొదటిదాని కంటే కష్టం, మచ్చలుంటాయి, దూలంలో తీయడానికి చాలాసార్లు కార్టిలేజ్ మిగిలి ఉండదు. అది కూడా ఏడాది నిండకుండా, వాపు పూర్తిగా దిగకుండా చేయకూడదు, మూడో నెలలో "నచ్చలేదు, మార్చండి" అంటే వెంటనే సరేననే డాక్టర్ మీదే ఎక్కువ అనుమానం రావాలి. అప్పుడు కొత్త సర్జన్ మొదట అడిగేది ఆపరేషన్ నోట్. ఏ ఎముక ఎక్కడ కోశారు, దూలం నుంచి ఎంత తీశారు, ఏ ముక్క ఎక్కడ పెట్టి ఏ దారంతో కుట్టారు, అన్నీ అందులోనే ఉంటాయి. డిశ్చార్జ్ కాగితంలో చాలాసార్లు "రైనోప్లాస్టీ (ముక్కు ఆపరేషన్) చేయబడినది" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి, ఇంటికి వెళ్ళే రోజే ఆ నోట్ కాపీ, ఆపరేషన్ ముందు తీసిన ఫొటోలు అడిగి తీసుకుని, పెళ్లి పత్రికలతో పాటు కాకుండా ఇంటి పన్ను రసీదులు పెట్టే ఫైల్‌లో పెట్టుకోవాలి.